కొత్త కాపీరైటర్ రేటు ఎలా కట్టాలి: బెజవాడ, గుంటూరు లెక్క

బీసెంట్ రోడ్డులో చీరల షాపు ఓనరైనా, గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ డైరెక్టరైనా, ప్రకటనలకీ బ్రోచర్లకీ మాటలు రాసే కాపీరైటర్ని మొదట అడిగేది ఒకటే: "మ్యాటర్ రాయడానికి ఎంత తీసుకుంటారు?" నోటికొచ్చిన అంకె అక్కడే చెప్పేస్తే ఆ అంకె దగ్గరే ఇరుక్కుపోతారు. వాళ్లు అడిగిన "మ్యాటర్" నాలుగు మాటల ఫ్లెక్సు కావచ్చు, పన్నెండు పేజీల బ్రోచర్ కావచ్చు, ఏడాది పొడుగునా వేసే ఫేస్‌బుక్ పోస్టులూ కావచ్చు. కాబట్టి అక్కడ చెప్పాల్సిన జవాబు ఇంతే: "పని వివరాలు చెప్పండి సార్, రేపు సాయంత్రానికి కొటేషన్ పంపిస్తాను." ఆ ఒక్క రోజులో చేసుకోవాల్సిన లెక్క ఏమిటో కింద వరసగా చెబుతున్నాం.

ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి

ఒక కాగితం మీద నెల ఖర్చు రాయండి. అద్దె, తిండి, పెట్రోలు, నెట్, ఫోను, కరెంటు అందరూ రాస్తారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి. 48,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ నాలుగేళ్లు వస్తుందనుకుంటే నెలకు 1,000 చొప్పున పక్కన పెట్టాలి. ఆరోగ్య బీమా ప్రీమియంలో పన్నెండో వంతు, ఆడిటర్ ఫీజులో పన్నెండో వంతు వేసుకోవాలి. పని రాని నెలల కోసం దాచుకునేది కూడా ఖర్చు కిందే రాయాలి. ఉద్యోగికి జీతంతో పాటు పీఎఫ్, సెలవులు, పండగ రోజుల జీతం వస్తాయి. ఫ్రీలాన్సర్‌కి అవన్నీ రేటులోంచే రావాలి.

అమ్మానాన్నల దగ్గర ఉంటున్నారు కాబట్టి అద్దె సున్నా అని వేసుకోకండి. మీ పేటలో ఒక గది అద్దె ఎంతో అంత వేయండి. రేపు విడిగా ఉండాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా రేటు పెంచుతానంటే పాత క్లయింట్లు ఒప్పుకోరు.

ఉదాహరణకి, ఇవన్నీ కలిపి నెలకు 40,000 అయిందనుకుందాం. ఇప్పుడు గంటలు చూడాలి. నెలకు 24 రోజులు, రోజుకు 7 గంటలు పనిచేస్తే 168 గంటలు. 40,000ని 168తో భాగిస్తే గంటకు 240 కూడా రాదు. కొత్తవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, నష్టం మొదలయ్యేదీ ఇక్కడే. ఆ 168 గంటల్లో క్లయింట్లను వెతకడం, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి మీటింగులకి వెళ్లడం, ఓకే కాని కొటేషన్లు తయారు చేయడం, బాకీల కోసం ఫోన్లు చేయడం అన్నీ ఉన్నాయి. వాటికి ఎవరూ డబ్బివ్వరు. మొదటి ఏడాది డబ్బు పలికే గంటలు నెలకు 80 మించవని వేసుకోవడం మంచిది. 40,000 ని 80తో భాగిస్తే గంటకు 500. ఇదీ మీ కనీస రేటు. దీనికి తగ్గితే చేతి డబ్బు పెట్టి పని చేసినట్టే.

ఈ 500 మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. క్లయింటుకి గంట రేటు చెప్పొద్దు. చెబితే బేరం డబ్బు మీదనుంచి గంటల మీదకి మారుతుంది: "ఒక పేజీకి నాలుగు గంటలెందుకు పడుతుంది బాబూ?" దానికి జవాబు చెప్పి నెగ్గినవాళ్లు లేరు. పైగా చెయ్యి తిరిగి వేగం పెరిగేకొద్దీ మీకొచ్చే డబ్బు తగ్గిపోతుంది. పని మొత్తానికి ఒకే అంకె చెప్పండి, ఆ అంకె వెనక గంటల లెక్క మాత్రం మీ దగ్గర పెట్టుకోండి.

మీ పోటీ ఎవరితో

మన ఊళ్లలో మ్యాటర్ ఉచితంగా రాసిచ్చేవాళ్లు ముగ్గురున్నారు: ఫ్లెక్స్ షాపులో డీటీపీ ఆపరేటర్, ఓనర్ గారి చదువుకున్న మేనల్లుడు, ఫోన్లో ఉన్న చాట్‌జీపీటీ. సున్నా కన్నా తక్కువ రేటు ఎవరూ ఇవ్వలేరు గనక వాళ్లతో రేటులో పోటీ పెట్టుకోవడం అనవసరం. గృహప్రవేశం ఫ్లెక్సుకి, పుట్టినరోజు బ్యానర్‌కి కాపీరైటర్ అక్కర్లేదు. ఆ మాట క్లయింటుకి మీరే చెప్పేయండి. నిజం చెప్పే మనిషని గుర్తుంటుంది.

రాత సరిగా లేకపోతే క్లయింటు డబ్బు పోగొట్టుకునే చోట మీకు రేటు వస్తుంది. సూర్యారావుపేట ఆసుపత్రుల వెబ్‌సైట్లు, అడ్మిషన్ల సీజన్లో కాలేజీ బ్రోచర్లు, గుంటూరు కారం పొడి, పచ్చళ్ల ప్యాకెట్ల మీద లేబుళ్లు, అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుల కరపత్రాలు, గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనలకి నెలనెలా డబ్బు పోస్తున్న షాపులు. ఇలాంటి చోట తప్పు రాస్తే వ్యవహారం చట్టం దాకా పోతుంది. అపార్ట్‌మెంట్ ప్రకటనలో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్ చిరునామా, ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ వివరాలు ఉండాలని 2016 చట్టం చెబుతుంది. కోచింగ్ సెంటర్ల ప్రకటనలపై 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల సంరక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది: ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఫొటో వేయాలంటే ఫలితాలొచ్చాక అతని రాతపూర్వక అనుమతి కావాలి, అతను తీసుకున్న కోర్సు ఏదో కూడా చెప్పాలి. షుగరు వ్యాధి పూర్తిగా నయం చేస్తామని మందుల ప్రకటన వేయడం 1954 చట్టం ప్రకారమే నేరం. ఈ సంగతులు తెలిసి, ప్రతి మాటకీ ఆధారం అడిగి చూసుకునే రచయితకి ఫ్లెక్స్ షాపు పోటీ కాదు. అయితే ఆ వాకబు చేసే గంటలు కొటేషన్‌లో కలపకపోతే అవి మీ నెత్తినే పడతాయి.

ఊళ్లో రేటు ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కువగా అమెరికా లెక్కలే కనిపిస్తాయి. ఫోన్లు చేయండి. లబ్బీపేట, మొగల్రాజపురం వైపు చిన్న యాడ్ ఏజెన్సీలు, గుంటూరు అరండల్‌పేటలో డిజైనర్లు, బ్రోచర్లు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్సులవాళ్లు ముగ్గురికీ రాసేవాళ్ల అవసరం పడుతూనే ఉంటుంది. అడగాల్సింది "మీ రేటెంత?" అని కాదు. "నాలుగు పేజీల బ్రోచర్‌కి మ్యాటర్ బయట రాయిస్తే ఎంత ఇస్తుంటారండీ?" అని ఒకే పనిని ముందు పెట్టి అడగండి. కనీసం ఐదు అంకెలు తెచ్చుకుని అన్నిటికన్నా ఎక్కువదీ, అన్నిటికన్నా తక్కువదీ కొట్టేయండి. మిగిలిన మూడూ మార్కెట్.

మార్కెట్ మీ కనీస రేటుకన్నా పైనుంటే మార్కెట్ దగ్గరే నిలబడండి. కొత్తవాళ్లం కదా అని అందులో సగానికి చెబితే క్లయింటు సంతోషపడడు, అనుమానపడతాడు. మార్కెట్ కిందనుంటే ఆ రకం పని మీకు సరిపోదని అర్థం, వేరే రకం పని వెతకండి.

ఏజెన్సీకి రాసేటప్పుడు నేరుగా చేసే పనికన్నా తక్కువ తీసుకోవడంలో తప్పులేదు, ఎందుకంటే క్లయింటును తెచ్చేదీ, మాట్లాడేదీ, డబ్బు వసూలు చేసేదీ వాళ్లు. తగ్గించాల్సింది మాత్రం గంటలు, గంట రేటు కాదు. మీటింగులకీ, వసూళ్లకీ పట్టే గంటలు అంచనాలోంచి తీసేస్తే మొత్తం అంకె దానంతటదే తగ్గుతుంది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు తెలుగు రాతకి పిలిస్తే బెజవాడ అద్దెలు గుర్తుపెట్టుకుని రేటు చెప్పకండి. వాళ్లు మిమ్మల్ని పోల్చుకునేది హైదరాబాద్ రచయితలతో.

పదానికింత అనే లెక్క తెలుగుకి నప్పదు

ఇంగ్లీషు రచయితలు పదానికింత అని తీసుకుంటారు. అదే పద్ధతి తెలుగుకి తెస్తే మీకే నష్టం. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి. "ఫ్రమ్ ద హోమ్స్ ఆఫ్ అవర్ ఫార్మర్స్" ఆరు పదాలు. "మన రైతుల ఇళ్లలోంచి" మూడు. పని అదే, డబ్బు సగం. ఇక నాలుగు మాటల హెడ్డింగు కోసం ఒక పూట కూర్చున్నప్పుడు పదాల లెక్కకి అసలు అర్థమే ఉండదు. బ్రోచర్‌కి ఇంత, పేజీకి ఇంత, పోస్టుకి ఇంత, రేడియో స్పాట్‌కి ఇంత అని చెప్పండి.

చిన్నగా కనిపించి గంటలు తినే పనులు కొన్ని ఉన్నాయి. వీటిని చవగ్గా ఒప్పుకుంటే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

ఎస్ఎంఎస్ తీసుకోండి. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో (అన్ని భాషల లిపులకీ వాడే కంప్యూటర్ కోడ్) వెళ్తుంది గనక 70 మాత్రమే. పైగా వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రావణ మాసం" కంటికి ఐదు అక్షరాలే. ఫోను లెక్కలో శ, దాని కింద పొల్లు, ర, దీర్ఘం, వ, ణ కలిపి ఆరు, ఖాళీ ఒకటి, మ, దీర్ఘం, స, సున్నా నాలుగు, మొత్తం పదకొండు. 70 దాటిన మెసేజి రెండుగా చీలి, ఒక్కోదానికి 67 చొప్పున లెక్కపడుతుంది. 20,000 నంబర్లకి పంపే షాపుకి 71 అక్షరాల మెసేజి అంటే 40,000 మెసేజిల బిల్లు. దాన్ని 69కి కుదించి, ఆఫరూ తేదీలూ షాపు పేరూ పోకుండా చూడ్డం గంటన్నర పని. పైగా టెలికాం నిబంధనల ప్రకారం ఆ టెంప్లేటు (మెసేజి నమూనా) ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్లో రిజిస్టర్ కావాలి. ఆమోదం వచ్చాక ఒక్క మాట మార్చినా మళ్లీ మొదట్నుంచి. అందుకని ఎస్ఎంఎస్‌కి రేటు చెప్పేటప్పుడు ఒక టెంప్లేటు, దానికి రెండు ప్రత్యామ్నాయాలు అని కలిపి చెప్పండి, రిజిస్టర్ చేయించే బాధ్యత ఎవరిదో కూడా రాయండి. గూగుల్ సెర్చ్ ప్రకటనలదీ ఇలాంటి గొడవే: హెడ్‌లైన్‌కి 30, వివరణకి 90 అక్షరాలు. ఒక ప్రకటనకి 15 హెడ్‌లైన్లు, 4 వివరణల దాకా ఇవ్వొచ్చు. "ఒక్క యాడే కదా" అంటారు. రాయాల్సింది పంతొమ్మిది ముక్కలు.

ప్రింటు పనిలో ఇంకో గుంట ఉంది. మీరు యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పనిచేస్తున్నాయి. మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసినప్పుడు ఒక వత్తు పక్క అక్షరానికి పోతుంది, ఒక సున్నా మాయమవుతుంది. ప్రింటయ్యాక కనబడితే నింద రచయిత మీదకే వస్తుంది. కాబట్టి ప్రింటు పని ప్రతిదానిలో "డిజైన్ పూర్తయ్యాక ఒక ప్రూఫ్ చూడటం" అని ఒక గంట కలిపి తీరాలి. ప్రూఫ్ వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా పీడీఎఫ్‌గా పంపమనాలి. ఫొటోలో వత్తులు కనబడవు.

రేడియో స్పాట్లు 10, 20, 30 సెకన్ల లెక్కన ఉంటాయి. గడియారం పెట్టుకుని పైకి చదవకుండా స్క్రిప్టు పంపొద్దు. ఫోను నంబరు చదవడానికే నాలుగైదు సెకన్లు పోతాయి, రెండుసార్లు చదవమంటే పది సెకన్ల స్పాట్‌లో ఇంకేం మిగలదు.

చాట్‌జీపీటీతో రాసుకుని "కాస్త సరిచేసి పెట్టండి" అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ప్రూఫ్ రీడింగ్ రేటుకి ఒప్పుకోకండి. ఆ తెలుగులో వాక్యం కట్టే తీరే వేరుగా ఉంటుంది, చాలా చోట్ల కొట్టేసి రాయాల్సిందే. ముందు ఒక పేజీ చేసి చూసి, ఎంతసేపు పట్టిందో దాన్ని బట్టి మిగతాదానికి రేటు కట్టండి.

ఒక కొటేషన్ మొదటి నుంచి చివరిదాకా

లబ్బీపేటలో ఒక డెంటల్ క్లినిక్ వెబ్‌సైట్ అనుకుందాం. ఐదు పేజీలు: హోమ్ పేజీ, మూడు చికిత్సల పేజీలు, డాక్టర్ల పరిచయం. తెలుగులో కావాలి, కుదిరితే ఇంగ్లీషులో కూడా.

డాక్టర్ గారితో మాట్లాడటానికి రానూపోనూ కలిపి 2 గంటలు. చికిత్సల గురించి చదవడానికి 2. హోమ్ పేజీకి 4. చికిత్స పేజీ ఒక్కోటి రెండున్నర చొప్పున మూడిటికి ఏడున్నర. డాక్టర్ల పేజీకి ఒకటిన్నర. రెండు విడతల కరెక్షన్లకి 3. సైట్‌లో ఎక్కించాక అక్షరాలు సరిగా ఉన్నాయో చూడటానికి 1. మొత్తం 21 గంటలు. గంటకు 500 చొప్పున 10,500. దాని మీద 20 శాతం కలపండి, ఎందుకంటే కొత్తవాళ్లు వేసే ప్రతి అంచనా తక్కువగానే ఉంటుంది. 12,600 అయింది. కొటేషన్‌లో 13,000.

ఒక్క అంకె పంపకండి, మూడు పంపండి. మొదటిది చిన్నది: హోమ్ పేజీ, ఒక చికిత్స పేజీ, డాక్టర్ల పేజీ. కరెక్షన్లకి 2 గంటలు, చివరి పరిశీలనకి అరగంట వేసుకుంటే పద్నాలుగున్నర గంటలు, 20 శాతంతో కలిపి 8,700, అంటే 9,000. రెండోది పైన చెప్పిన 13,000. మూడోది ఐదు పేజీలూ తెలుగు, ఇంగ్లీషు రెండిట్లో. ఇంగ్లీషుకి 8 గంటలు అదనం, మొత్తం 29 గంటలు, 17,400, అంటే 18,000. మూడు కనబడినప్పుడు క్లయింటు "వద్దు" అనడం కన్నా "ఏది తీసుకుందాం" అని ఆలోచిస్తాడు. ఎక్కువమంది మధ్యదాని దగ్గర ఆగుతారు.

కొటేషన్‌లో రాసే మాటలు తేలిగ్గా ఉండాలి. వాట్సాప్‌లో పంపినా చాలు, కానీ అక్షరంలో ఉండాలి:

"నమస్తే డాక్టర్ గారూ. మీ క్లినిక్ వెబ్‌సైట్‌కి ఐదు పేజీల తెలుగు మ్యాటర్ రాయడానికి 13,000 రూపాయలు. ఇందులో మీతో ఒకసారి కలిసి మాట్లాడటం, రెండు విడతల కరెక్షన్లు, సైట్‌లో ఎక్కించాక ఒకసారి చూడటం కలిసి ఉన్నాయి. ఫొటోలు, డిజైను, టైపింగ్ ఫీజులు ఇందులో లేవు. 50 శాతం అడ్వాన్స్ అందిన రోజు నుంచి పది పనిదినాల్లో మొదటి డ్రాఫ్ట్ ఇస్తాను. ఈ రేటు పదిహేను రోజుల వరకు ఉంటుంది."

చివరి వాక్యం మర్చిపోవద్దు. ఆషాఢంలో ఇచ్చిన కొటేషన్ పట్టుకుని దసరా ముందు వచ్చేవాళ్లుంటారు, అప్పటికి మీ చేతిలో నిండా పని ఉంటుంది. ఆషాఢం సేల్స్, శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి, వేసవిలో అడ్మిషన్లు, ఇవీ ఇక్కడి సీజన్లు. ఆ రోజుల్లో "రేపటికల్లా కావాలి" అన్న పనికి 25 నుంచి 30 శాతం అదనం వేయడం న్యాయమే, ఎందుకంటే దానికోసం ఇంకొకరి పని పక్కన పెడుతున్నారు.

నెలవారీ ప్యాకేజీకి కూడా గంటలే ఆధారం. నెలకు 12 పోస్టులు, ఒక్కోటి 40 నిమిషాలు అంటే 350 చొప్పున 4,200. నాలుగు రీల్స్ స్క్రిప్టులు, గంటన్నర చొప్పున 750, మొత్తం 3,000. నెలకొక మీటింగు రెండు గంటలు, 1,000. కలిపితే 8,200, చెప్పేది 8,500. ఈ నెల వాడుకోని పోస్టులు వచ్చే నెలకి జమ కావని ముందే చెప్పండి. చెప్పకపోతే మూడు నెలలు ఊరుకుని సంక్రాంతికి ముప్పై పోస్టులు అడుగుతారు.

బేరం వచ్చినప్పుడు

బేరం ఆడటం అవమానం కాదు, మన దగ్గర అది మాట్లాడుకునే పద్ధతి. కాకపోతే ఒక నియమం పెట్టుకోండి: పని తగ్గకుండా డబ్బు తగ్గదు. "మనవాళ్లే కదా తమ్ముడూ, పది వేలు చేసుకో" అంటే: "తప్పకుండా అన్నా, పది వేలల్లో అయితే చికిత్స పేజీలు రెండే రాస్తాను, కరెక్షన్లు ఒక విడతే. మూడోది తర్వాత ఎప్పుడైనా చేసుకుందాం." ఇలా అంటే మీ రేటు నిలబడుతుంది, ఆయన మాటా దక్కుతుంది. పని అలాగే ఉంచి 13,000 ని 10,000 చేశారంటే, మొదట మూడు వేలు ఎక్కువ చెప్పారని మీరే ఒప్పుకున్నట్టు.

"ముందు ఒకటి ఫ్రీగా రాసి చూపించండి" అన్నవాళ్లకి వాళ్ల వ్యాపారం లాంటిదే ఊహించి రాసుకున్న నమూనాలు మూడు నాలుగు చూపించండి. చేతిలో పని లేని నెలలో చేయాల్సింది అదే: ఒక పచ్చళ్ల లేబులు, ఒక ఆసుపత్రి పేజీ, ఒక చీరల షాపు కరపత్రం. వాళ్ల పనే చేసి చూపించాల్సి వస్తే చిన్న ముక్కకి చిన్న రేటు తీసుకోండి, తర్వాత పెద్ద పని ఇస్తే అందులో తగ్గించండి.

బోణీ కోసం మొదటి రెండు మూడు పనులకి తగ్గించాలనుకుంటే తగ్గించండి, కానీ బిల్లులో అసలు రేటు రాసి, కింద "తొలి పని తగ్గింపు" అని వేరే వరసలో చూపించండి. అసలు రేటు కనబడకపోతే ఆ తగ్గిన అంకే మీ రేటై ఊరంతా తిరుగుతుంది. గుంటూరు, బెజవాడ వ్యాపారులు ఒకరికొకరు తెలిసినవాళ్లే, రేట్లు చెప్పుకుంటారు.

కరెక్షన్లు ఎక్కడ ఆగాలి

లాభం కారిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఓనర్ గారు ఒక వాయిస్ మెసేజి, మేనేజరు ఇంకోటి, కొడుకు రాత్రి పదకొండుకి మరొకటి పంపుతారు, మూడూ మూడు దారులు. పని మొదలుపెట్టకముందే "కరెక్షన్లు ఎవరు చెబుతారు సార్?" అని అడిగి ఒక్కరి పేరు రాయించుకోండి. ఒక విడత అంటే అన్ని మార్పులూ ఒకే మెసేజిలో రావడం. డ్రాఫ్ట్ ఇచ్చిన ఏడు రోజుల్లోపు రాకపోతే ఓకే అయినట్టే.

మాట బాగోలేదు, మార్చండి అంటే అది కరెక్షన్. 20 శాతం డిస్కౌంట్ తీసేసి ఒకటి కొంటే ఒకటి ఉచితం పెట్టాం అంటే అది కొత్త పని. ఈ తేడా ముందే చెప్పుకుంటే మూడో విడతకి డబ్బు అడగడానికి మొహమాటం ఉండదు.

డబ్బు చేతికి రావడం

"ఫ్లెక్సులు వేశాక ఇస్తాం" అన్న మాట నమ్మి మొదలుపెట్టొద్దు. ప్రింటింగు ఆగిపోవచ్చు, ఓపెనింగు వాయిదా పడొచ్చు, మీ పని మాత్రం అయిపోయి ఉంటుంది. చిన్న పనులకి 50 శాతం అడ్వాన్స్, ఫైనల్ ఫైలు ఇచ్చేముందు మిగతాది. 20,000 దాటిన పనికి 50 శాతం అడ్వాన్స్, మొదటి డ్రాఫ్ట్‌కి 30, ఫైనల్‌కి 20. నెలవారీ పనికి ప్రతి నెలా 5వ తేదీలోపు ముందుగానే తీసుకోండి.

ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హైదరాబాద్ క్లయింటైతే వేరే రాష్ట్రం కదా, తప్పనిసరి అంటుంటారు. సేవల విషయంలో ఈ 20 లక్షల మినహాయింపు వేరే రాష్ట్రానికి ఇచ్చినా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయడం మాత్రం కూడదు.

కంపెనీలు, పెద్ద కాలేజీలు టీడీఎస్, అంటే డబ్బిచ్చేటప్పుడే ఆదాయపన్ను, కోస్తాయి. వృత్తిపరమైన సేవల కింద చూస్తే 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటిన చెల్లింపు మీద 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసి పన్నుకి సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ నెల అద్దెకి చేతిలో ఉండేది 90 శాతమే అని గుర్తుంచుకుని లెక్క వేసుకోండి. కొందరు దీన్ని కాంట్రాక్టు కింద చూసి తక్కువ కోస్తారు, ఏది కోశారో అడిగి రాసుకోండి.

చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆ గడువు దాటితే, డబ్బు నిజంగా ఇచ్చిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చు క్లయింటు తన పన్ను లెక్కలో చూపుకోవడానికి లేదని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపన్ను నిబంధన వచ్చింది. అందుకే మార్చి నెలలో ఆడిటర్లు ఇలాంటి బిల్లులు వెతికి మరీ కట్టిస్తున్నారు. అయినా ఇవ్వకపోతే ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్లో ఫిర్యాదు చేసే వీలుంది, కానీ ముందు మర్యాదగా గుర్తు చేసి చూడండి: "నమస్తే సార్, 3వ తేదీ బిల్లు బ్యాలెన్స్ 6,500 రావాల్సి ఉంది. ఈ వారంలో సర్దుబాటు చేయగలరా?" తేదీ, అంకె రెండూ ఉండాలి. "కాస్త చూడండి సార్" అంటే ఎవరూ చూడరు.

రేటు ఎప్పుడు పెంచాలి

ప్రతి పనికీ అంచనా గంటలు, నిజంగా పట్టిన గంటలు పక్కపక్కన రాసుకోండి. పది పనులయ్యేసరికి ఏ రకం పనిలో అంచనా తప్పుతోందో తెలిసిపోతుంది, ముందు ఆ ఒక్కదాని రేటు సరిచేయండి. పది కొటేషన్లు పంపితే ఎనిమిది బేరం లేకుండా ఓకే అవుతున్నాయంటే మీ రేటు తక్కువగా ఉంది. ఒకటి కూడా ఓకే కావడం లేదంటే రేటు తగ్గించే ముందు ఎవరికి పంపుతున్నారో చూసుకోండి, ఫ్లెక్స్ షాపు చాలిన వాళ్లకి పంపుతూ ఉండొచ్చు.

వరసగా రెండు నెలలు 80 గంటలూ నిండిపోతే కొత్త క్లయింట్లకి ఆ రోజు నుంచే 15 శాతం పెంచండి. పాతవాళ్లకి ఒక నెల ముందు చెప్పాలి, పండగ సీజన్ మధ్యలో చెప్పకూడదు. ఇలా రాయండి: "సార్, ఫిబ్రవరి 1 నుంచి నెలవారీ ప్యాకేజీ 8,500 నుంచి 9,500 అవుతుంది. పోస్టులు, రీల్స్ సంఖ్య ఇప్పటిలాగే ఉంటుంది. జనవరి పని పాత రేటుకే చేస్తాను." కారణాలు ఏకరువు పెట్టొద్దు, పెట్రోలు ధర, అద్దె గురించి అసలు రాయొద్దు. పాత రేటుకే కావాలంటే పన్నెండు పోస్టులు పదికి తగ్గించి, రీల్స్ మూడు చేసి ఇంకో చిన్న ప్యాకేజీ ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. దానికీ ఒప్పుకోకపోతే జనవరి పని పూర్తిచేసి, అప్పటిదాకా రాసిన మ్యాటరంతా ఒక ఫోల్డర్లో పెట్టి అప్పజెప్పండి, బ్యాలెన్స్ ఉంటే ఆ రోజే తీసుకోండి.